ప్రయాణంలో ఉన్నవారి కొరకు

ఈ మధ్య భోజనాల దగ్గర ఒక మనిషిని నిలబెడుతున్నారు. క్యాటరింగు వాళ్ళ మనిషి. చేతిలో అగ్గిపెట్టెంత యంత్రం ఉంటుంది. ఎవరైనా ప్లేటు తీసుకోగానే దాన్ని బొటనవేలితో నొక్కుతాడు. టిక్. అంతే, మీరు ఒకరు. ఆకలితో వచ్చారా, మొహమాటానికి వచ్చారా అన్నది దానికి పట్టదు. పోయిన నెల ఒకచోట ఆ మనిషి నన్ను రెండుసార్లు నొక్కాడు. నేను తీసుకున్న ప్లేటు అంచున ఎవరిదో పప్పు మరక ఉంటే దాన్ని వెనక్కి పెట్టి ఇంకోటి తీసుకున్నాను. మళ్ళీ టిక్.

"బాబూ, ఇందాకటి మనిషినే నేను" అన్నాను.

"మాకు ప్లేటే లెక్క సార్. మనిషి కాదు" అన్నాడు.

వాదించబోయి ఊరుకున్నాను. అది మా మాస్టారి సంస్మరణ కూడిక. ఒక మనిషిని ఒక్కసారి లెక్కలోకి ఎక్కించడానికి సగం జీవితం తిరిగి, ఎక్కించలేక వెళ్ళిపోయిన ఆయన పేరు మీద పెట్టిన భోజనంలో నేను ఇద్దరినయ్యాను. ఆయన ఉంటే ఇది చూసి నవ్వేవారని రాయాలి. ఇలాంటి చోట అలాగే రాస్తారు. ఆయన నవ్వేవారు కాదు. ఆ క్యాటరింగు మనిషి పక్కన నిలబడి, ఒకటి తీసేయించిందాకా కదిలేవారు కాదు.

మాది ప్రత్తిపాడుకి నాలుగు మైళ్ళ దూరంలో ఒక నల్లరేగడి ఊరు. పత్తి, మిరప, వాటి మీద అప్పులు, వాటి మీద కబుర్లు. ఆ ఊరి హైస్కూల్లో ఆయన సోషల్ మాస్టారు. తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎర్ర పెన్ను మూతకి దారం. క్లాసులోకి రాగానే అందరు మాస్టర్లలాగా రిజిస్టరు తెరిచి పేర్లు పిలిచేవారు కాదు. ముందు పెన్ను ఎత్తి, వరసకొకసారి గాలిలో గీత గీస్తూ తలకాయలు లెక్కపెట్టేవారు. ఆ తర్వాతే రిజిస్టరు. రెండూ కలవకపోతే తప్పు రిజిస్టరుదే. బస్సెక్కితే బస్సులో జనాన్ని లెక్కపెట్టేవారు. చర్చిలో కానుకల సంచి తిరిగే వేళ జనాన్ని లెక్కపెట్టేవారు. ఒకసారి పెదకాకాని దాకా మమ్మల్ని విహారయాత్రకి తీసుకెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు ఒకడు ఎక్కువ వచ్చాడని బస్సు ఆపించారు. నిజంగానే ఒకడు ఎక్కువ వచ్చాడు. వాడు ఏ ఊరివాడో కనుక్కుని దింపేదాకా మాకు అన్నాల్లేవు.

ఆయన దగ్గర వాడకూడని మాట ఒకటుండేది. చాలామంది.

"ఏరా, నిన్న పెళ్ళికి జనం బాగా వచ్చారా?"

"చాలామంది వచ్చారు మాస్టారూ."

"చాలామంది అనేది సంఖ్య కాదురా. బద్ధకం."

పేపరు చదివేటప్పుడు ఆయన పక్కన కూర్చోవడం ఒక విద్య. ఎక్కడో వంతెన కూలిందనో, పడవ మునిగిందనో వార్త వస్తే, "పదుల సంఖ్యలో మృతి" అని పేపరువాడు రాస్తాడు కదా. ఈయన కళ్ళజోడు తీసి నుదుటి మీదికి నెట్టి టీ కొట్టువాడిని అడిగేవారు. "పదుల సంఖ్య అంటే ఇరవయ్యా, తొంభయ్యా? మధ్యలో డెబ్భై మంది ఉన్నారయ్యా. వాళ్ళని ఏం చెయ్యమంటాడు, చంపమంటాడా, ఉంచమంటాడా?" టీ కొట్టువాడు గ్లాసులు కడుగుతూ, "మీ ఇష్టం మాస్టారూ" అనేవాడు.

చరిత్రలో యుద్ధం అంటే మా రోజుల్లో మూడు శీర్షికలు. కారణాలు, గమనం, ఫలితాలు. ఒక్కో దాని కింద ఐదు పాయింట్లు. గైడులో అలాగే ఉండేది, పరీక్షలో అలాగే అడిగేవాళ్ళు, దిద్దేవాళ్ళూ అలాగే దిద్దేవాళ్ళు. మాస్టారు మాకు నాలుగో శీర్షిక ఒకటి నేర్పారు. పోయినవాళ్ళు. ఏ యుద్ధమైనా సరే, తళ్ళికోటైనా, పానిపట్టైనా, ఇరుపక్షాలా ఎంతమంది పోయారు, ఆ లెక్క ఎవరు చెప్పారు, గెలిచినవాడా ఓడినవాడా, తెలియకపోతే "తెలియదు" అని రాయాలి. పల్నాటి యుద్ధం దగ్గరికి వచ్చేసరికి ఆయనకి కోపం వచ్చేది. "కోడిపుంజులకి పేర్లు మిగిలాయిరా. కత్తులు నూరినవాళ్ళకి మిగల్లేదు" అనేవారు.

నేను మంచి విద్యార్థిని. చెప్పింది చెప్పినట్టు రాసేవాణ్ణి. పబ్లిక్ పరీక్షలో పానిపట్టు కింద నాలుగో శీర్షిక పెట్టి పేజీన్నర రాశాను. సోషల్లో నాకొచ్చిన మార్కులు చూసి మా బాబాయి స్కూలుకి వచ్చాడు. మా నాన్న చిన్నప్పుడే పోతే మమ్మల్ని పెంచినవాడు ఆయనే. ఇరవై ఎకరాల మిరప రైతు. ఆయన మెల్లగా మాట్లాడితే పక్క చేలో కూలీలు తలెత్తి చూసేవాళ్ళు.

"మాస్టారూ, గైడులో లేనిది మీరెందుకు చెప్తారండీ పిల్లలకి?"

"గైడులో లేనివాళ్ళే ఎక్కువమంది పోయారండీ" అన్నారు మాస్టారు.

బాబాయికి అది జవాబులాగా అనిపించలేదు. అయినా కండువా దులుపుకుని, "సరే, ఈసారికి వదిలేస్తున్నా" అని వచ్చేశాడు. మార్కులు మాత్రం ఈసారికే పోయాయి.

అంతకు ముందు సంవత్సరం, తొమ్మిదో తరగతిలో, కళింగ యుద్ధం వచ్చింది. లక్షమంది చనిపోయారని చదివాం. ఆ రోజు మాస్టారు ఏమనుకున్నారో, పుస్తకం మూసేసి, "లక్ష అంటే ఎంతరా?" అన్నారు. ఒకటి పక్కన ఐదు సున్నాలు అన్నాడొకడు. ఆయన మమ్మల్ని లేపి, స్కూలు వెనక మా బాబాయి మిరప కల్లంలోకి నడిపించుకెళ్ళారు.

ఫిబ్రవరి. నేలంతా ఎర్రగా కాయ ఆరబోసి ఉంది. ఓ పక్కన ఆడవాళ్ళు వరసగా కూర్చుని మంచి కాయ ఒకవైపు, తాలు ఒకవైపు వేరుచేస్తున్నారు. తాలంటే రంగు రాక తెల్లబోయిన కాయ. దాన్ని విడిగా పోస్తారు.

"ఏంటి మాస్టారూ, పిల్లకాయల్ని కూలికి తోలుకొచ్చారా?" అని అరిచాడు బాబాయి.

"కళింగ యుద్ధమండీ."

"ఎక్కడ?"

"మీ కల్లంలోనే."

గుంపుకొక కిలో తూయించి లెక్కపెట్టమన్నారు. కిలోకి కొంచెం అటూ ఇటూగా వెయ్యి కాయ వచ్చింది. కాయకొక మనిషి అనుకోండ్రా అన్నారు. ఒక గోనెసంచి మీద సుద్దముక్కతో లెక్క వేశారు. లక్షమంది అంటే నూరు కిలోలు. బాబాయి చూసి, అవతల కుట్టి పెట్టిన టిక్కీల వైపు చెయ్యి చూపించాడు. మా వైపు మిరపకాయల బస్తాని టిక్కీ అంటారు. నలభై కిలోలకి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది.

"అంటే రెండున్నర టిక్కీలు" అన్నాడు.

మాస్టారు సుద్దముక్క మళ్ళీ తీసుకున్నారు. మళ్ళీ లెక్క వేశారు. రెండున్నరే. ఆయన పెద్ద గుట్ట వస్తుందనుకున్నారని నాకు అప్పుడే అర్థమైంది. మేమంతా ఆ గుట్ట చూసి బెదిరిపోతామనుకున్నారు. తీరా చూస్తే సైకిలు వెనక కట్టుకుని రెండు విడతల్లో తోలేయొచ్చు.

బాబాయి నవ్వాడు. "ఇంతేనా మాస్టారూ? రెండున్నర టిక్కీలకే అశోకుడు కత్తి పారేశాడా? నేను ఏటా మిర్చి యార్డుకి ట్రాక్టర్లు తోల్తానండీ!"

ఆడవాళ్ళంతా నవ్వారు. మేమూ నవ్వాం. మాస్టారు గోనెసంచి మీద అంకెల్ని చూస్తూ నిలబడ్డారు. అప్పుడు వరస చివర కూర్చున్న ముసలామె, మాస్టారి వాళ్ళ పేటలో మనిషే, చేతిలో పని ఆపకుండా అడిగింది.

"తాలు కలపలేదేందయ్యా?"

"తాలు లెక్కలోకి రాదు అవ్వా" అన్నాను నేను. రైతు ఇంటి పిల్లవాణ్ణి, నాకు తెలుసు.

మాస్టారు నా వైపు తిరిగారు. ఆయన అలా చూడటం అంతకుముందు నేనెరగను. కోపం కాదు. కోపమైతే నాకు అలవాటే.

"లక్షమంది పోయారు, లక్షన్నరమందిని పట్టుకుపోయారు అని రాతి మీద చెక్కించాడురా ఆయన" అన్నారు. "ఆ తర్వాత ఇంకో మాట చెక్కించాడు. అంతకు ఎన్నో రెట్లమంది నశించారని. లక్షన్నర దాకా లెక్కపెట్టాడు. అక్కడికొచ్చాక ఆయనక్కూడా బద్ధకం వచ్చింది." అని తాలు పోసిన వైపు చూశారు. అది మంచి కాయకంటే ఎత్తుగా ఏం లేదు. కానీ ఎవరూ తూయలేదు.

తర్వాత మేం చేతులు కడుక్కోకుండా కళ్ళు నలుపుకున్నాం. అశోకుడి తర్వాత కళింగ యుద్ధానికి కన్నీళ్ళు పెట్టుకున్నది తొమ్మిదో తరగతి బి సెక్షనే అయి ఉండాలి. నలభై మూడుమందిమి.

ఆ చూపు ఎందుకు చూశారో తెలియడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది. అప్పటికి నేను గుంటూరులో లెక్చరర్ని. ఆయన సోమవారాలు కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వడానికి వచ్చి, పనైపోయాక మా ఇంటికి వచ్చి మజ్జిగ తాగి వెళ్ళేవారు. చంకలో ఒక అట్ట ఫైలు. దేనికండీ అని నేను అడగలేదు. పెన్షనేమో అనుకున్నాను. రిటైరైన మాస్టారు ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే ఇంకేమనుకుంటాం.

ఒక రోజు ఆయనే చెప్పారు.

మా ఊరి చావడి గోడలో ఒక రాయి ఉండేది. తెల్లదొరల కాలంలో, మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక పెట్టింది. ఇంగ్లీషులో రెండే ముక్కలు. ఈ ఊరి నుంచి పందొమ్మిది మంది మహాయుద్ధానికి వెళ్ళారు. వారిలో నలుగురు ప్రాణాలు విడిచారు. పేర్లు లేవు. మేం చిన్నప్పుడు దాని మీద క్రికెట్ స్కోరు రాసేవాళ్ళం.

"పందొమ్మిదిలో నలుగురు పోతే ఎంతమంది తిరిగొచ్చినట్టు?" అన్నారు మాస్టారు.

"పదిహేను."

"ఆ పదిహేను ఇళ్ళూ నాకు తెలుసు. తిరిగి తిరిగి రాసుకున్నాను. పోయిన నలుగురి ఇళ్ళూ తెలుసు. మా తాత ఆ పదిహేనులో లేడు. ఈ నలుగురిలోనూ లేడు."

"మరి?"

"మా తాత యుద్ధానికి వెళ్ళలేదు" అన్నారు. మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "అలాగని ఇంట్లోనూ లేడు."

ఆ తాత పేరు ఏసోబు. పాలేరు. పశువులు ఆయన మాట వింటాయని పేరు. పటాలం వాళ్ళు వచ్చి కంచరగాడిదలు తోలడానికి మనుషులు కావాలంటే వెళ్ళాడు. ఓడలో బస్రా రేవుకి. ఇప్పుడు ఇరాక్ అంటున్నామే, అక్కడికి. మళ్ళీ రాలేదు. రాయి పెట్టినవాళ్ళు తుపాకీ పట్టినవాళ్ళని లెక్కపెట్టారు. తుపాకీలు మోసిన గాడిదల్ని కూడా ఎక్కడో ఒక పుస్తకంలో లెక్కపెట్టే ఉంటారు, అవి సర్కారు ఆస్తి కాబట్టి. తోలినవాడు ఆ రెండు లెక్కలకీ మధ్యన పడిపోయాడు.

అక్కడితో అయిపోతే అది చరిత్ర. మా ఊరివాళ్ళు దాన్ని అక్కడితో పోనివ్వలేదు.

మాస్టారి వాళ్ళ చర్చిలో ప్రతి ఆదివారం చివర్లో కొన్ని పేర్లు చదివి ప్రార్థన చేస్తారు. రోగుల కొరకు, పరీక్షలు రాసేవారి కొరకు, ప్రయాణంలో ఉన్నవారి కొరకు. ఏసోబు ఓడ ఎక్కిన వారం అప్పటి పాదిరిగారు ఆయన పేరు ప్రయాణంలో ఉన్నవారిలో చేర్చారు. మనిషి ఇంటికొస్తే పేరు తీసేస్తారు. చనిపోయినట్టు కబురొస్తే తీసి, ఏడాదికోసారి సమాధుల పండుగనాడు చదివే పేర్లలో చేరుస్తారు. ఏసోబు రాలేదు. కబురూ రాలేదు. కాబట్టి ప్రయాణంలోనే ఉన్నాడు. పాదిర్లు మారారు, చర్చికి పెంకులు పోయి స్లాబు వచ్చింది, ఆయన మాత్రం బస్రా ప్రయాణంలో ఉన్నాడు.

మాస్టారి నాయనమ్మ చనిపోయేదాకా గాజులు తియ్యలేదు. విధవరాలు కాదు, భర్త ఉన్న మనిషీ కాదు. ఇంకో మనువు లేదు, పింఛనూ లేదు. పోయేముందు మనవణ్ణి పిలిచి చెప్పిందట. "తీసుకెళ్ళినోళ్ళు చెప్పాలిరా. ఆళ్ళు చెప్పిందాకా పేరు తియ్యబాకు." ఈయన సరేనని మాటిచ్చారు.

కాబట్టి ఆయన కోరిక చిన్నది. వాళ్ళ తాత చనిపోవాలి. పందొమ్మిది ఇరవై కావాలి, నాలుగు ఐదు కావాలి. సర్కారు పెట్టిన రాయి ఆ మాట చెబితే, ఆ ఆదివారం ఆయన వెళ్ళి ఆ పేరుని ఒక జాబితాలోంచి తీసి ఇంకో జాబితాలో రాసి, నాయనమ్మకిచ్చిన మాట తీర్చుకుంటారు. అంతే. దానికోసం ఆ ఫైలు. అందులో రెండు జవాబులు చూపించారు. ఒక ఆఫీసు, రాయి పాతది కాబట్టి అందులో అక్షరం మార్చడానికి వీల్లేదంది. ఇంకో ఆఫీసు, అలాంటి రాయే లేదంది. రెండింటినీ ఒకే గుండుసూదితో గుచ్చి ఉంచారు, ఒకదానికొకటి తోడుంటాయని.

వాళ్ళ అమ్మాయికి టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు చర్చిలో కృతజ్ఞతా కూడిక పెట్టి నన్ను పిలిచారు. ఆ వారమే కొత్త పాస్టరుగారు వచ్చారు. పొన్నూరు వైపు మనిషి, కుర్రవాడు, గొంతు మంచిది. జాబితా చదువుతూ, "బస్రా ప్రయాణంలో ఉన్న ఏసోబు" దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగారు. మా వైపు నుంచి కువైట్, దుబాయి వెళ్ళినవాళ్ళు ఇంటికొకరు ఉంటారు. ఆయన కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, ఎడారి దేశంలో ఉన్న నీ బిడ్డ ఏసోబును జ్ఞాపకం చేసుకో. వీసా విషయంలో నువ్వే ముందుండి నడిపించు తండ్రీ. యజమాని మనసు మెత్తబరచు. పాస్‌పోర్టు వాళ్ళు అట్టిపెట్టుకుని ఉంటే తిరిగి ఇప్పించు. నెలనెలా కుటుంబంతో ఫోన్లో మాట్లాడే భాగ్యం దయచెయ్యి."

సంఘమంతా ఆమేన్ అంది. మాస్టారు కూడా గట్టిగానే అన్నారు. వాళ్ళమ్మాయి తల వంచుకుంది. నవ్వుతోందో, ఏడుస్తోందో ముసుగు వల్ల తెలియలేదు.

బయటికొచ్చాక నేను ఆపుకోలేక నవ్వాను. మాస్టారు చెప్పులు వేసుకుంటూ అన్నారు. "అడిగినవన్నీ న్యాయమైనవేరా. వందేళ్ళు ఆలస్యంగా అడిగాడంతే."

పాస్టరుగారికి ఎవరో సంగతి చెప్పారు. ఆయన సిగ్గుపడి పరుగున వచ్చి, "క్షమించండి మాస్టారూ, తెలియలేదు. తీసేద్దామా?" అన్నారు.

"తీసుకెళ్ళినవాళ్ళు ఇంకా చెప్పలేదండీ" అన్నారు మాస్టారు.

నాలుగేళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేస్తూ చావడి పడగొట్టారు. పొక్లెయిను తగిలి రాయి రెండు ముక్కలైంది. మాస్టారు నాకు ఫోను చేసి, "రాయి పగిలిందిరా!" అన్నారు. ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. పాత రాయి మార్చకూడదు, సరే. పగిలిన రాయి బదులు కొత్తది చెక్కించాలిగా. కొత్త రాతి మీద ఎవరైనా ఏదైనా రాయొచ్చు.

కొత్తది నల్ల గ్రానైటు. కమిటీ వేశారు. కమిటీకి పెద్ద మా బాబాయి. ఇంగ్లీషు ముక్కల్ని తెలుగు చేసి, బాగా రాసిపెట్టడానికి నన్ను రమ్మన్నారు. పంచాయతీ ఆఫీసులో మీటింగు. అక్కడికెళ్ళేసరికి, వందేళ్ళుగా ఎవరూ పట్టించుకోని చావుకి గిరాకీ వచ్చి ఉంది.

"మా తాత కూడా యుద్ధంలోనే పోయాడంట" అన్నాడొకాయన.

"మీ తాతని నేను చూశానయ్యా. అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చేవాడు" అన్నాడు పక్కాయన.

"ఆయన కాదు, ఆయన అన్న."

"ఆయనకి అన్నెక్కడయ్యా?"

"పోయాడు కదా, నీకెట్టా తెలుసుద్ది?"

సాయంత్రానికి పోయినవాళ్ళు పదకొండుమందయ్యారు. అందులో మావాడూ ఒకడు. బాబాయి వాళ్ళ తాత తమ్ముడు ఒకాయన వెళ్ళాడట. ఎవరు చెప్పారు బాబాయ్ అంటే, "వెళ్ళకుండా ఉంటాడేంట్రా?" అన్నాడు.

మాస్టారు లేచి నిలబడ్డారు. డెబ్భై దాటిన మనిషి, కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. తిరిగొచ్చిన పదిహేను ఇళ్ళు చదివారు. పోయిన నలుగురి ఇళ్ళు చదివారు. ఐదో పేరు చదివారు. "ఇరవై మంది వెళ్ళారు. ఐదుగురు పోయారు. నా దగ్గరున్నది ఇంతే" అని కూర్చున్నారు.

"కాదనట్లేదు మాస్టారూ" అన్నాడు బాబాయి. ఆయన గొంతు తగ్గించి మాట్లాడటం అరుదు. "కానీ గాడిదలు తోలినాయన్ని కూడా వేస్తే..."

"రేపు వంటోళ్ళనీ, గుడ్డలుతికినోళ్ళనీ వెయ్యమంటారు" అన్నారెవరో వెనకనుంచి.

"వెయ్యాలండీ" అన్నారు మాస్టారు.

ఆ పదకొండుమందిలో ఒక్కరిని తగ్గిస్తే ఒక ఇల్లు అలుగుతుంది. ఒక్కరిని పెంచితే, ఆ ఒక్కరు ఫలానా పేట మనిషైతే, పదకొండు ఇళ్ళూ అలుగుతాయి. ఇది ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం మా ఊళ్ళో ఎప్పుడూ రాలేదు. బాబాయి నా వైపు తిరిగి, "నువ్వు చదువుకున్నోడివి. ఎవరికీ ఇబ్బంది లేకుండా రాసిపెట్టు" అన్నాడు.

మాస్టారు నాతో బస్టాపు దాకా నడిచారు. బస్సు వచ్చాక కిటికీ దగ్గర నిలబడి, "రెండు అంకెలేరా. ఇరవై. ఐదు" అన్నారు.

"చూస్తాను మాస్టారూ" అన్నాను.

చూశాను. మూడు రోజులు చూశాను. నిజం చెప్పాలంటే అదేమంత కష్టమైన పని కాలేదు. నాకు భాష వచ్చు. చివరికి రాసిచ్చిన వాక్యం ఇది. "ఈ గ్రామము నుండి ఎందరో వీరులు మహాయుద్ధమునకు తరలివెళ్ళిరి. వారిలో అనేకులు తమ ప్రాణములర్పించిరి."

ఊరంతా మెచ్చుకున్నారు. పదకొండు ఇళ్ళవాళ్ళూ ఆ 'అనేకుల్లో' తమవాణ్ణి చూసుకున్నారు. కావాలంటే ఏసోబూ అందులో ఉన్నాడు, ఎవరు వద్దన్నారు? పాత రాతి మీద నికరంగా ఉన్న ఆ నలుగురు కూడా నా వాక్యంలో కరిగిపోయారన్నది ఎవరూ గమనించలేదు. వాళ్ళ మనవలు కూడా గమనించలేదు. బాబాయి ఫోను చేసి, "ఒక్కడు నోరెత్తితే ఒట్టు!" అన్నాడు. నేను ఉద్యోగంలో చేరాక ఆయన నన్ను మెచ్చుకున్నది అదే మొదలు.

రాయి తెరిచిన రోజు మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ముందుగా చూపించమని నన్ను అడగలేదు, నేను చూపించలేదు. తెర లాగారు, చప్పట్లు కొట్టారు, ఫొటోలు దిగారు. జనం టిఫిన్ల వైపు వెళ్ళాక ఆయన రాతి దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సర్దుకుని చదివారు. నా వాక్యం రెండు వరసలు. దాని కింద, ఆవిష్కరించినవారు, అధ్యక్షత వహించినవారు, విశిష్ట అతిథులు, కమిటీ సభ్యులు, దాతలు, ఒక్కొక్కరి పేరు, ఇంటిపేరు, చదువు, హోదాతో సహా. ఆయన జేబులోంచి పెన్ను తీసి, గాలిలో గీతలు గీస్తూ ఆ పేర్లు లెక్కపెట్టారు.

"ముప్పై ఒకటి" అన్నారు.

నేను పక్కనే ఉన్నాను. ఆయన ఒక మాట అంటారని ఎదురుచూశాను. స్కూల్లో మేం 'చాలామంది' అన్నప్పుడల్లా అన్న మాటే. అంటే తలవంచుకుని పడదామని సిద్ధంగా కూడా ఉన్నాను. అనలేదు. "టిఫిన్ చెయ్యి, చల్లారిపోద్ది" అని, తను చెయ్యకుండా వెళ్ళిపోయారు. ఆ తర్వాత సోమవారాలు మా ఇంటికి రాలేదు. గుంటూరు వస్తున్నారనీ, బస్టాండు దగ్గర హోటల్లో మజ్జిగ తాగి వెళ్తున్నారనీ ఎవరో చెప్పారు. నేనూ వెళ్ళి కలవలేదు. కాలేజీలో పని ఎక్కువగా ఉండేది. ఇది నేను అందరికీ చెప్పే కారణం.

పోయిన నెల ఆయన పోయారు. ఆయన చావుకి అన్ని కాగితాలూ సక్రమంగా ఉన్నాయి. పొద్దున పోతే సాయంత్రానికి సర్టిఫికెట్టు వచ్చింది.

సంస్మరణ కూడికలో పాస్టరుగారు బైబిలు వాక్యం చెప్పాక జాబితా చదవడానికి వాళ్ళమ్మాయి లేచింది. ఆ వీసా ప్రార్థన తర్వాత జాబితా మాస్టారే చదివేవారు, ఇప్పుడు ఆ పని ఆమెది. మాస్టారి పేరు కొత్తగా పోయినవారిలో చదివింది. తర్వాత రోగుల కొరకు, పరీక్షలు రాసేవారి కొరకు. తర్వాత ప్రయాణంలో ఉన్నవారి కొరకు, అందులో మొదటి పేరు బస్రాది. వాళ్ళ నాన్న ఎక్కడ ఆగేవారో అక్కడే ఆగి, అదే గొంతుతో చదివింది. పాస్టరుగారు ఈసారి వీసా అడగలేదు. ఆమేన్ అన్నాం.

భోజనాలయ్యాక టెంటు కింద కుర్చీల్లో కూర్చున్నాం. పాస్టరుగారు, వాళ్ళమ్మాయి, నేను, మా బాబాయి. బాబాయికిప్పుడు చెవులు సరిగా వినపడవు, అందుకని ఇంకా గట్టిగా మాట్లాడతాడు. సమాధి రాతి మీద ఏం రాయించాలన్న మాట వచ్చింది. పేరు, తేదీలు ఎలాగూ ఉంటాయి, కింద రెండు మంచి వాక్యాలు ఉంటే బాగుంటుందన్నారు పాస్టరుగారు.

బాబాయి నా భుజం మీద చెయ్యి వేశాడు. "దానికేముందమ్మా, మావాడున్నాడుగా. చావడి రాయి రాసింది వీడేగా. రెండు నిమిషాల్లో రాసిచ్చేస్తాడు. ఏరా?"

నేను జేబులో పెన్ను కోసం తడుముకున్నాను. అలవాటు.

ఆమె పాస్టరుగారి ముందున్న ఖాళీ గ్లాసు తీసుకుని లేచింది.

"వద్దులెండి పెద్దాయన గారూ" అంది. "అన్నయ్య రాస్తే అందరికీ నచ్చుద్ది."